మధ్యలో గడి లేదు

మా అన్నయ్యకి మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు, వాడికి పదకొండు. తెనాలిలో మా పెంకుటింటి వసారాలో కూర్చుని పెరుగన్నం తింటున్నాం. ముందు కంచం బోర్లాపడ్డ చప్పుడు వినపడింది, ఆ తర్వాతే వాణ్ణి చూశాను. నాన్న వాడి పళ్ళ మధ్య చెంచా పెట్టబోయాడు. నాయనమ్మ బొడ్లోంచి బీరువా తాళాలగుత్తి లాగి వాడి అరచేతిలో కుక్కింది. రెండూ పనికిరావు. నోట్లో ఏమీ పెట్టకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరిగెత్తాలి. ఆ రోజుల్లో మాకీ మాట చెప్పిందెవరు?

పోయిన నెల ఒక లావుపాటి బొమ్మల పుస్తకం చదివాను. డేవిడ్ బి. అనే ఫ్రెంచాయన గీసిన 'ఎపిలెప్టిక్'. ఫ్రెంచిలో 1996 నుంచి 2003 దాకా ఆరు భాగాలుగా వచ్చింది. అక్కడి పేరులో 'ఓ మాల్' అనే మాట ఉంది, మూర్ఛకి వాళ్ళ పాత పేరు. ఆయన అన్న జాన్ క్రిస్టోఫ్‌కి చిన్నప్పుడే మూర్ఛ మొదలవుతుంది. ఆపరేషన్ దాకా వెళ్ళి వెనక్కొచ్చేస్తారు. ఇక అక్కణ్ణుంచి ధాన్యాలూ కూరగాయలతో సాగే మాక్రోబయోటిక్ పథ్యం, ఆ పథ్యం చేసేవాళ్ళంతా కలిసుండే కమ్యూన్లు, ఆత్మలతో మాట్లాడేవాళ్ళు. అమ్మానాన్నలిద్దరూ డ్రాయింగు టీచర్లు, చదువుకున్నవాళ్ళు. మా ఇంట్లో చదువులేని నాయనమ్మని ఇన్నేళ్ళూ అన్నిటికీ తప్పుపట్టినందుకు సిగ్గేసింది.

మేం మాత్రం తక్కువ తిరిగామా! దర్గాలో తాయెత్తు కట్టించాం, ఆదివారం పొద్దున్నే పసరు తాగించాం. పసరు పోసినాయన నలభై రోజులు ఇంగ్లీషు మందు ముట్టకూడదన్నాడు. పద్దెనిమిదో రోజుకి ఒక్క రాత్రిలో మూడు ఫిట్స్. గడ్డం కింద కుట్లు అప్పటివే.

అందుకే ఆ పుస్తకం మొదట్లోనే ఆగిపోయాను. 1994లో, అమ్మానాన్నల ఇంటి బాత్రూంలో డేవిడ్ నిలబడి ఉంటాడు. లోపలికి ఎవరో వస్తారు. ఒళ్ళు ఊరిపోయి, తలమీద గాయాల మచ్చలు. అది తన అన్నే అని పోల్చుకోడానికి ఆయనకి కాసేపు పడుతుంది. అక్కడ మూసేసి రెండ్రోజులు ముట్టుకోలేదు.

జబ్బుని ఆయన పాములాంటి పెద్ద జంతువుగా గీశాడు. అంతా నలుపు తెలుపుల్లోనే. ఇంట్లోవాళ్ళ మధ్యలోంచి మెలికలు తిరుగుతూ పోతుంది. మనకిది వింతేం కాదు. నటరాజు కాలికింద నలిగే మరుగుజ్జు అపస్మారుడు, ఆయుర్వేదంలో మూర్ఛ పేరు అపస్మారం. పేపర్లో 'అపస్మారక స్థితిలో' అని రోజూ చదివేది ఆ మాటే. ఆ మరుగుజ్జు చావడు, అణిగి ఉంటాడంతే. ఫిట్స్‌కి వేసుకునే ఎప్టాయిన్ మాత్ర చేసేదీ అదే పని. కాకపోతే నటరాజు చిగుళ్ళు వాపించడు.

పెళ్ళి సంగతి కూడా చెప్పాలి. 1999 దాకా మన హిందూ వివాహ చట్టంలోనే మూర్ఛ పెళ్ళికి అడ్డు. ఆ ఏడాది సవరించి ఆ మాట తీసేశారు. మా పెళ్ళిళ్ళ పేరయ్యకి కబురు ఇంకా అందలేదు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు అన్నయ్య జిరాక్స్ షాపులో కూర్చుని ఆ పుస్తకం చూపించాను. బొమ్మలే చూస్తూ చకచకా తిప్పాడు.

"ఈ పాము ఎవరికి కనపడిందే?"

"తమ్ముడికి."

"అదీ! జబ్బున్నోడికి కనపడదే పాము. చూసేవాళ్ళకి కనపడుద్ది."

జబ్బున్న మనిషి లోపల్నుంచి చూస్తున్నట్టు గీసినవీ ఉన్నాయని చెప్పాను. స్పెయిన్ ఆయన పాకో రోకా 2007లో అల్జైమర్స్ మీద 'ముడతలు' అనే అర్థమొచ్చే పేరుతో ఒకటి గీశాడు. అందులో ఎమిలియో అనే పెద్దాయన బ్యాంకులో కూర్చుని ఒక జంటకి అప్పు ఇవ్వనంటూ ఉంటాడు. నిజానికి ఎదురుగా ఉన్నది కొడుకూ కోడలూ, ఆయనకి భోజనం పెడుతున్నారు. మనకీ ముందు బ్యాంకే కనపడుతుంది.

"ఆయనకి బ్యాంకన్నా ఉంది," అన్నాడు అన్నయ్య. కొందరికి ఫిట్స్ వచ్చేముందు ఏదో వాసనో, వెలుగో తెలుస్తుంది. వీడికి అదీ లేదు.

పాడైన జిరాక్స్ కాగితం ఒకటి వెనక్కి తిప్పి రెండు గడులు గీశాడు. మొదటి దాంట్లో కంచం, కంచంలో చెయ్యి. రెండో దాంట్లో దూలాలు, పెంకులు, కిందికి వంగిన నాలుగు మొహాలు. ఒక దానికి జడ ఉంది, అది నేను. రెండు గడుల మధ్య వేలెడు తెల్ల జాగా వదిలాడు.

"మధ్యలో ఏది?"

"మధ్యలో గడి లేదు. అక్కడ మీరున్నారు, నేను లేను."

కాసేపాగి మూడో గడి గీశాడు. గుప్పెట, గుప్పెట్లోంచి వేలాడుతున్న గుత్తి. తాళాలు ఒక్కొక్కటీ పళ్ళతో సహా వేశాడు. "లేచాక సాయంత్రం దాకా చేతికి ఇనప వాసనే," అన్నాడు.

ఈలోపు ఎవరో ఆధార్ కార్డు జిరాక్స్‌కి వచ్చారు. లేచి వెళ్ళాడు. నేను కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. దాని వెనక ఎవరిదో రేషన్ కార్డు, సగమే పడింది.