పెదాల చుట్టూ తిమ్మిరి

అమెరికాలో ప్రాక్టికల్ నర్సు లైసెన్స్ కోసం రాసే ఎన్‌క్లెక్స్-పీఎన్ పరీక్షలో నేను మొదటిసారి ఫెయిలయ్యాను. మనం ఇచ్చే జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారే పరీక్ష అది. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠంగా 150, సమయం 5 గంటలు. నాకు 85 దగ్గరే కంప్యూటర్ ఆగిపోతే, బాగా రాసినట్టున్నానని సంతోషపడ్డాను. ఫలితం చూశాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

మళ్లీ రాయాలంటే కనీసం 45 రోజులు ఆగాలి. ఫెయిలైనవాళ్లకి ఏ విభాగంలో ఎలా రాశారో చెప్పే రిపోర్టు వస్తుంది. మందుల విభాగంలో నాకు ఫర్వాలేదు. రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5.0 ఉండాలి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందుల్లో హెపారిన్‌కి విరుగుడు ప్రోటమిన్ సల్ఫేట్, వార్ఫరిన్‌కి విటమిన్ కె, ఇవి నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. దెబ్బతిన్నది ఎవరిని ముందు చూడాలి, ఏ పని ఎవరు చేయాలి అనే చోట.

ఒక ప్రాక్టీసు ప్రశ్న దగ్గర నా తప్పు దొరికింది. నలుగురు పేషెంట్లు. ఆపరేషనై రెండో రోజు నొప్పి అంటున్న ఒకరు, ఆక్సిజన్ 90 శాతం ఉన్న సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) పేషెంటు, షుగర్ ఉందని కొత్తగా తెలిసిన ఒకరు, థైరాయిడ్ తీసేశాక పెదాల చుట్టూ తిమ్మిరిగా ఉందంటున్న ఒకామె. 90 చూడగానే సీఓపీడీ ఎంచుకున్నాను. కానీ ఆ జబ్బులో 88 నుంచి 92 మామూలే. థైరాయిడ్ తీసేటప్పుడు పక్కనున్న పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతింటే కాల్షియం పడిపోతుంది. మొదట తిమ్మిరి, తర్వాత కండరాలు బిగుసుకోవడం, చివరికి గొంతు మూసుకుపోయి ఊపిరి ఆడకపోవడం. అంకె చూశాను, మనిషిని చూడలేదు. ఆ రోజు చాలాసేపు ఏడ్చాను, ఎందుకంటే అది నిజంగా వార్డులో అయితే?

అప్పటి నుంచి రోజుకి 30 ప్రశ్నలకు మించి చేయలేదు. సరైన జవాబు ఎందుకు సరైనదో కాదు, మిగతా మూడూ ఎందుకు కావో రాసుకునేదాన్ని. ఎల్పీఎన్, అంటే ఈ లైసెన్స్ ఉన్న ప్రాక్టికల్ నర్సు, ఏ పనులు చేయొచ్చో కూడా అలాగే పట్టుబడింది. నిలకడగా ఉన్న పేషెంట్లు మనకి. మొదటి అసెస్‌మెంటు, మొదటిసారి చెప్పే జాగ్రత్తలు ఆర్ఎన్‌వి, అంటే రిజిస్టర్డ్ నర్సువి. పరిస్థితి మారితే గమనించి వెంటనే చెప్పడం మన పని. రాష్ట్రాన్ని బట్టి కొన్ని పనులు మారతాయి కానీ పరీక్షలో అడిగేది ఇదే.

రాత్రిళ్లు అమ్మకి ఫోన్ చేసి ఒక్కో మందు గురించి తెలుగులో చెప్పేదాన్ని. తెలుగులో చెప్పలేకపోతే నాకు అర్థం కానట్టే. పొటాషియం తగ్గితే, గుండెకిచ్చే డైగాక్సిన్ అనే మందు శరీరంలో విషమవుతుందని చెప్తే, "అయితే ఇచ్చే ముందు నాడి చూడరా?" అని అడిగింది. నాడి కాదమ్మా, గుండె మీద స్టెతస్కోప్ పెట్టి నిమిషమంతా లెక్కపెట్టాలి, పెద్దవాళ్లలో 60 కన్నా తగ్గితే మందు ఆపి చెప్పాలి అన్నాను.

రెండోసారి పరీక్షలో, ఒకే పేషెంటు నోట్సు ఇచ్చి 6 ప్రశ్నలడిగే కేసు స్టడీలు వచ్చినప్పుడు, ముందు ఆ నోట్సు మొత్తం చదివి, పొద్దుటికీ ఇప్పటికీ ఏం మారిందో వెతికాను. 111 దగ్గర కంప్యూటర్ ఆగింది. పాసయ్యాను.

ఇప్పుడు డ్యూటీలో డైగాక్సిన్ ఇచ్చే ప్రతిసారీ వాచీ చూస్తూ నిమిషం పూర్తిగా లెక్కపెడతాను.