కోర్లు ఖాళీ, థ్రెడ్లు వరుసలో: ఒక ఆలస్యం వెనుక కారణం

మధురవాడలోని మా ఆఫీసులో నేను చూసుకునే సర్వీసు, లారీల తూకం వివరాలను 16 థ్రెడ్లతో (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే సాగే పనులు) ఏకకాలంలో సరిచూసి జవాబిచ్చేది. మామూలుగా కొద్ది మిల్లీసెకన్లలో వచ్చే జవాబు అప్పుడప్పుడు వంద దాకా సాగేది; సీపీయూ వాడకం సగటు మాత్రం ఎప్పుడు చూసినా తక్కువే.

థ్రెడ్లు లాకుల దగ్గర (ఒకటి వాడుతున్న డేటాను మరొకటి ముట్టకుండా ఆపే తాళాలు) ఇరుక్కుంటున్నాయేమోనని మా సీనియర్‌గారు అనుమానించారు. సిస్టమ్ కాల్స్‌ను, అంటే ప్రోగ్రాం ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగే పనులను, నమోదు చేసే ఎస్‌ట్రేస్ తగిలించడం నాకిష్టం లేకపోయింది. ప్రతి సిస్టమ్ కాల్‌కూ అది థ్రెడ్‌ను రెండుసార్లు ఆపుతుంది కనుక, కొలిచే సాధనం తెచ్చే ఆలస్యం అసలు ఆలస్యంలో కలిసిపోతుంది.

లాకు కోసమో డిస్కు కోసమో ఎదురుచూసే థ్రెడ్ నిద్రలో ఉంటుంది. అలా కాక, నడవడానికి సిద్ధంగా ఉండి కూడా సీపీయూ అందక నిలబడే థ్రెడ్ లెక్క వేరు. ఆ లెక్కను లినక్స్ స్వయంగా రాసిపెడుతుంది: నడుస్తున్న ప్రోగ్రాముల వివరాలు చూపే ప్రోక్ ఫోల్డరులో ప్రతి థ్రెడ్‌కూ ఉండే షెడ్‌స్టాట్ ఫైలులో మొదటి అంకె సీపీయూ మీద గడిపిన కాలం, రెండోది వరుసలో నిలబడిన కాలం, రెండూ నానోసెకన్లలో. మా థ్రెడ్లలో రెండో అంకే వేగంగా పెరుగుతోంది.

సీపీయూ కోసం పోటీ ఎవరిదో తెలుసుకుందామని, ఏ థ్రెడ్ ఎప్పుడు నడిచిందో నమోదు చేసే పెర్ఫ్ షెడ్ రికార్డ్ నడిపి, ఆ నమోదును కాలక్రమంలో చూపే టైమ్‌హిస్ట్ తీస్తే, మా థ్రెడ్లన్నీ ఒకేసారి ఆగి ఒకేసారి కదులుతున్నాయి, ఆ మధ్యలో కోర్లు (సీపీయూలో విడివిడిగా పనిచేసే భాగాలు) ఖాళీగా ఉన్నాయి. ఖాళీ కోరు ఉండి కూడా దొరకలేదంటే ఏ థ్రెడ్ ఎప్పుడు నడవాలో నిర్ణయించే షెడ్యూలరే ఆపుతోందన్నమాట. మా సర్వీసు నడిచేది కంటైనర్‌లో, అంటే యంత్రంలో విడిగా కట్టిన గదిలాంటి దానిలో; దాని వాడకానికి హద్దు పెట్టేది లినక్స్‌లోని సీగ్రూప్. ఆ సీగ్రూప్‌లోని సీపీయూ.స్టాట్ ఫైలు తెరిస్తే థ్రాటిల్ లెక్క, అంటే హద్దు దాటినందుకు ఆపిన లెక్క, పెరుగుతూ కనిపించింది.

కంటైనర్‌కు రెండు సీపీయూల కోటా ఉంది, అంటే ప్రతి 100 మిల్లీసెకన్లకు 200 మిల్లీసెకన్ల సీపీయూ కాలం. 16 థ్రెడ్లు 16 కోర్ల మీద ఒక్కుమ్మడిగా నడిస్తే అది సుమారు 12.5 మిల్లీసెకన్లలో అయిపోతుంది, మిగిలిన 87.5 మిల్లీసెకన్లూ, మొదటి వారంలోనే జీతం ఖర్చు చేసుకున్న ఇంటిలాగా, అందరూ చేతులు కట్టుకోవలసిందే. నిమిషానికోసారి సగటు గీసే గ్రాఫుకు ఇది ఎన్నటికీ చిక్కదు.

ప్రోగ్రాం మొదలైనప్పుడు యంత్రంలోని కోర్లను లెక్కపెట్టి అన్నే థ్రెడ్లు సృష్టించుకునేది; మేం వాడిన సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ చెప్పే ఆ సంఖ్యకు సీగ్రూప్ కోటాతో సంబంధమే లేదు. పనిచేసే థ్రెడ్లను రెండుకు తగ్గించాక పెద్ద ఆలస్యాలు పోయాయి, మొత్తం పని ఏమీ తగ్గలేదు, ఎందుకంటే అసలు హద్దు మొదటినుంచీ కోటాయే. మిగిలిన చిన్న జాప్యాలు వరుసలో నిలబడినవి కావు కనుక, సీపీయూ మీద లేని కాలాన్ని కొలిచే ఆఫ్‌సీపీయూటైమ్‌తో నిద్రపోయే థ్రెడ్ల స్టాకులు (కోడ్‌లో ఎక్కడ ఆగాయో చూపే జాబితాలు) తీస్తున్నాను. వాటిలో ఎక్కువ భాగం పేజీ ఫాల్టుల్లో (అడిగిన మెమరీ ఇంకా సిద్ధంగా లేక ఆగే చోట్లు), ప్రోగ్రాం మెమరీ పటాన్ని కాపాడే మెమరీ మ్యాపింగ్ లాకు దగ్గర తేలుతున్నాయి.