గుత్తి లేని ద్రాక్ష

ఆగస్టు నడుమ, శనివారం. కమింగ్, జార్జియా.

పొద్దెక్కితే ఇక్కడి ఉక్క భరించలేం. అందుకే టీ తాగగానే నాయిన, నేను పెరట్లోకి దిగాం. ఏడాది మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన వారం ఇదే. బ్లూబెర్రీ ఆఖరి కోత, మస్కడైన్ ద్రాక్ష తొలి కోత ఒకేసారి వస్తాయి.

మా బ్లూబెర్రీలు రాబిట్ ఐ జాతివి: పౌడర్ బ్లూ, ఒక్లోకనీ. ఈ వైపు నేలలోనే పుట్టిన జాతి కాబట్టి ఎండకు తట్టుకుంటుంది. ఒకే రకం పెడితే కాపు సరిగా రాదు, రెండు రకాలు పక్కపక్కన ఉండాలి. కాయ నీలంగా కనిపించిందని కోసేయకూడదు. తొడిమ దగ్గర సన్నటి ఎర్ర జీర ఉందంటే ఇంకా పులుపే. రంగు తిరిగాక కూడా కొన్ని రోజులు చెట్టు మీదే ఉంచితేనే తీపి పడుతుంది. బొటనవేలితో అలా దొర్లిస్తే పండినది అరచేతిలోకి రాలుతుంది, లాగాల్సి వస్తే వదిలేయడమే. నాయినకు ఇది వెంటనే పట్టుబడింది. పండు మీద ఉండే తెల్లటి బూడిద చెరిగిపోకుండా ఒక్కొక్కటే గిన్నెలో వేస్తుంటే చూస్తూ నిలబడిపోయాను. ఊళ్లో కూడా అంతే, గుత్తిని కాడ పట్టుకుని కోసేవాడు తప్ప కాయను ముట్టేవాడు కాదు.

మాది రంగారెడ్డి జిల్లా. పందిరి ద్రాక్షతోనే నాయిన మమ్మల్ని చదివించాడు. మొదట అనాబెషాహి రకం, తర్వాత థామ్సన్ రకం. చలికి తీగ నిద్రపోని నేల అది. ఎండాకాలంలో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి మనమే కత్తిరించి చిగురు రప్పించాలి. మబ్బు పట్టిందంటే బూజు తెగులు టెన్షన్, బోర్డో మందు కలుపుకొని పరుగులు. థామ్సన్ కాయ సాగాలని గుత్తులను జిబ్బరెల్లిక్ హార్మోన్ ద్రావణంలో ముంచడం వేరే పని.

అలాంటి మనిషి మస్కడైన్ తీగ కింద నిలబడి, "గుత్తులేవి బిడ్డా?" అన్నాడు.

"పెద్ద గుత్తులు రావు నాయినా. ఒక్కొక్కటి పండుతది, ఒక్కొక్కటే కోసుకోవాలె."

"మందులేం కొడుతున్నవ్?"

ఏమీ కొట్టలేదంటే నమ్మలేదు. ఆకు తిరగేసి చూశాడు. ఇంకొకటి తిరగేశాడు. థామ్సన్ ఎందుకు పెట్టలేదని అడిగాడు. ఇక్కడి వేడి ప్రాంతాల్లో దానికి పియర్స్ తెగులు పడుతుందని చెప్పాను. రసం పీల్చే పురుగులు మోసుకొచ్చే బ్యాక్టీరియా తీగలో నీరు పారే నాళాలను మూసేస్తుంది, తీగ ఎండిపోతుంది. మస్కడైన్‌కు ఈ నేలతో ఎప్పటి నుంచో పొత్తు, అది తట్టుకుంటుంది. జార్జియా యూనివర్సిటీ వాళ్లు 1909 నుంచి దీని మీద పని చేస్తున్నారని చెబితే, "మంచి పని" అని తలూపాడు.

ఇవాళ కోసినవన్నీ లేన్ రకం, నల్లవి. ఫ్రై అనే ఇంకో రకం తీగకు కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఫ్రైకి ఆడపూలే వస్తాయి, పక్కన లేన్ ఉంటేనే కాయ పడుతుంది. మస్కడైన్ తోలు మందం, లోపల గట్టి గింజలు. తొడిమ వైపు నోట్లో పెట్టుకుని, చిన్న రసాలు పిండుకున్నట్టు నొక్కితే గుజ్జు జారి వస్తుంది. మొదటిది తిని నాయిన ఏమీ అనలేదు. చెయ్యి మాత్రం మళ్లీ గిన్నెలోకి పోయింది.

తోళ్లు పారేయనివ్వలేదు నేను. మధ్యాహ్నం మెత్తగా ఉడికించి, బెల్లం, ఎండుమిర్చి, కాస్త మెంతిపొడి వేసి పచ్చడి చేశాను. దోసెల్లోకి అదిరింది.

సాయంత్రం బ్లూబెర్రీలకు డ్రిప్ వదిలాను. కోత అయిపోయిందని నీళ్లు ఆపకూడదు, వచ్చే ఏడాది పూమొగ్గలు కట్టేది ఇప్పటి నుంచే. వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి పలుచబడిన చోట పైన్ బెరడు కూడా పరిచాం.

నవంబర్‌లో నాయిన వెళ్లిపోతాడు. మస్కడైన్ కత్తిరించేది ఫిబ్రవరిలో, రెండు మూడు కణుపులు ఉంచి. ఏడాదికి ఆ ఒక్క కత్తిరింపు చాలంటే ఆయనకు ఇంకా అనుమానమే. ఆ రోజు వీడియో కాల్ చేసి, ఒక్కో కొమ్మా చూపించాకే కత్తెర వేయమన్నాడు.