ఆషాఢం, మంగళవారం

బేరాలు పలచగా ఉన్నాయి. పొద్దుటి నుంచి మా బట్టల కొట్లో పనిచేసే పిల్లలు ర్యాకులు దులిపి, చీరలు మళ్లీ మడతలు పెట్టి సర్దుతున్నారు. ఇలాంటి నెలలో ఒకరిద్దర్ని ఆపేసి శ్రావణంలో పిలుచుకోవచ్చు కదా అని రాజమండ్రి తాడితోట బట్టల మార్కెట్‌కి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు. మావయ్యగారు ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు, నేనూ చెయ్యను. ఆషాఢంలో జీతం ఆపితే, వరలక్ష్మీ వ్రతం ముందు రాత్రి పదింటిదాకా మన కొట్లో ఎవరుంటారు?

మధ్యాహ్నం చీరల దగ్గరుండే అమ్మాయి వచ్చి, "అక్కా, మాల్‌లో రెండు వేలు ఎక్కువ ఇస్తామంటున్నారు" అంది. గుండె గుభేలుమంది. ఉప్పాడ చీర పరిచినప్పుడు ఆ పిల్లని చూడాలి. అంచు తిరగేసి, మగ్గం మీదే చేత్తో నేసిన జమ్దానీ బుటా రెండు వైపులా ఒకేలా ఉందనీ వెనక పోగులు వేలాడటం లేదనీ చూపించి, పక్కనే మరమగ్గం చీర పెడుతుంది. ఇక ధర గురించి వాదన ఉండదు. మావయ్యగారి కాలం నుంచీ ఉన్న గుమాస్తా బాబాయి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించిన పని అది.

రెండు వేలు నా వల్ల కాదు, వెయ్యి పెంచుతానన్నాను. మిగతాది ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. మాల్ మూసేసరికి వాళ్ల ఊరు కడియానికి బస్సు ఉండదు, రోజూ ఆటో ఖర్చు. పైగా పొద్దస్తమానం నిలబడాలి. కొట్లలో పనిచేసేవాళ్లకి కూర్చునే వీలుండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం తెచ్చాయంటే ఆ కాళ్ల నొప్పులు ఎలాంటివో తెలుస్తుంది. మా దగ్గర పరుపు మీద కొనేవాళ్లూ కూర్చుంటారు, చూపించేవాళ్లూ కూర్చుంటారు.

మేం పదిమందికి తక్కువ కాబట్టి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, తప్పనిసరి కాదు. అందుకే మే నెలాఖరుకి అందరి ఖాతాల్లో డబ్బు వేస్తాం: ప్రమాదాలకి వర్తించే సురక్షా బీమాకి ఏడాదికి 20 రూపాయలు, జీవిత బీమా అయిన జీవన జ్యోతికి 436. ఒక్కోదానికి రెండు లక్షల రక్షణ. బాబాయికి యాభై దాటాయి కాబట్టి జీవన జ్యోతిలో కొత్తగా చేర్చుకోలేదు, అది నాకు బాధే.

"సేల్స్ గర్ల్స్ కావలెను" అని బోర్డు పెడితే వచ్చినవాళ్లు దసరా దాకా కూడా ఉండలేదు. పనిచేస్తున్నవాళ్లు తమ వీధిలోంచి తెచ్చినవాళ్లే నిలబడ్డారు. వాళ్లకి కూడా మొదట ఒక పట్టుచీర విప్పి ఇస్తాను. వచ్చిన మడతలోనే మళ్లీ మడిచే ఓపిక ఉంటే చాలు, మాటలు తర్వాత వస్తాయి.

అసలు చిక్కు ఇంటివాళ్లతోనే. మావయ్యగారు ఒకటి చెప్తే, మా ఆయన ఇంకోటి చెప్తే, నేను మూడోది చెప్తే ఆ పిల్లలు ఎవరి మాట వినాలి? అందుకే సెలవులూ అడ్వాన్సులూ నేనొక్కదాన్నే చూస్తున్నాను. చుట్టాలబ్బాయి కొట్లో ఉన్నా అదే లెక్క, ఒకటో తారీకు జీతమూ అదే వరసలో.

"ఇంట్లో అడిగి చెప్తానక్కా" అని ఆ చీరల అమ్మాయి వెళ్లింది. రాత్రి మా ఆయనతో అన్నాను, ఉంటానంటే పెంచిన వెయ్యి ఈ నెల నుంచే ఇద్దాం, వెళ్తానంటే నెల మధ్యలో అయినా పూర్తి జీతం చేతిలో పెట్టి పంపుదాం అని. సరేనన్నారు.