ఆగస్టులో ఊళ్ళో ఉండని వాళ్ళ పండ్ల తోట

మా అలాట్‌మెంట్ ఐదు రాడ్లు. ఇంగ్లండ్‌లో ఈ స్థలాలను ఇప్పటికీ ఆ పాత కొలతలోనే చెబుతారు. పది రాడ్లంటే సుమారు 250 చదరపు మీటర్లు, అందులో సగం మాకొచ్చింది. ఫోన్లో మీటర్లు చెబితే నాన్నగారు "గజాల్లో చెప్పమ్మా" అన్నారు. నూట యాభై గజాలు. "బానే ఉంది, రెండు బెడ్‌రూములు పడతాయి" అని నవ్వారు.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. అలాట్‌మెంట్ అంటే కౌన్సిల్ ఏడాది అద్దెకిచ్చే సాగు ముక్క. ఇలా భూమి ఇవ్వడం కౌన్సిళ్ళ బాధ్యత అని 1908 చట్టం చెబుతుంది. 1922 చట్టం ప్రకారం అక్కడ ముఖ్యంగా పండించాల్సింది మన ఇంటివాళ్ళం తినే కూరగాయలు, పండ్లు. పండించి వ్యాపారం చేస్తానంటే కుదరదు. మాకు ఈ సెప్టెంబరులో తాళంచెవి ఇచ్చారు. మేముండే లెస్టర్ ఊరి మట్టి సంగతి చెప్పాలంటే, వానాకాలంలో మా గోదావరి చేలు గుర్తుకొస్తాయి. బూటు దిగితే ఊడి రాదు.

కూరగాయల గురించి నాకు బెంగ లేదు. మెంతికూర, ముల్లంగి, చిక్కుడు ఈ ఏడాది తప్పితే వచ్చే ఏడాది. చెట్టు అలా కాదు. అందుకే నాన్నగారితో వాదన అక్కడే మొదలైంది. "కౌలు చేలో చెట్టు పెట్టే కౌలుదారు ఎక్కడైనా ఉన్నాడా అమ్మా? నీళ్ళు నువ్వు పోస్తావు, కాయ ఇంకోడు కోసుకుంటాడు." మాది మండపేట దగ్గర పల్లె, కౌలు సంగతి ఆయనకు నేను చెప్పేదేముంది? ఆయన మాటలో నిజం ఉంది. మేము ఇల్లు మారితే, ఉద్యోగం మారితే, ప్లాటు వెనక్కిచ్చేయాలి. చెట్టును సూట్‌కేసులో పెట్టుకుపోలేం.

దానికి జవాబు వేరులోనే ఉందని తర్వాత తెలిసింది. కడియం నర్సరీలు ఎరిగిన వాళ్ళకు అంటు మొక్క కొత్త కాదు, కింద ఒక జాతి వేరు, పైన మనకు కావలసిన రకం. ఇక్కడ యాపిల్‌కీ అంతే, కాకపోతే చెట్టు ఎంత ఎత్తు పెరగాలో ఆ వేరును బట్టి ముందే ఎంచుకోవచ్చు. వేరు మొక్కలకు పేర్లుండవు, అంకెలుంటాయి: ఎం27, ఎం9, ఎం26, ఎంఎం106, ఎం25. 'ఎం' అంటే మాలింగ్. కెంట్ కౌంటీలోని ఈస్ట్ మాలింగ్‌లో 1913లో పెట్టిన పరిశోధన కేంద్రం, నర్సరీల్లో కలగాపులగంగా అమ్ముడవుతున్న వేరు మొక్కలను విడదీసి అంకెలిచ్చింది. ఎం27 మీద కట్టిన చెట్టు మనిషంత ఎత్తు దాటడమే గొప్ప. ఎం9 మీద రెండున్నర, మూడు మీటర్లు. ఎం26 ఇంకాస్త పైకి. ఎం25 అయితే నిజంగా చెట్టే, నిచ్చెన వేసుకోవాలి.

మా ఒప్పందంలో పొట్టి వేరు మీద కట్టిన చెట్లే పెట్టాలని ఉంది, పక్క ప్లాటు మీద నీడ పడకూడదు కదా. నాకది హాయిగానే ఉంది. ఎం9 మీద కట్టినవి రెండు మూడేళ్ళకే కాపుకొస్తాయి. పెద్ద వేరు మీదివి అయితే అంతకు రెట్టింపు ఆగాల్సి రావచ్చు. అద్దె నేలలో పెట్టేవాళ్ళకు ఈ తేడా చిన్నది కాదు. ఎం27 ఎందుకు వద్దన్నానంటే, దాని వేళ్ళకు బలం తక్కువ. మంచి నేల కావాలి, చుట్టూ గడ్డి అసలు ఉండకూడదు. మా బంకమట్టిలో అది బతికితే నేనే దండం పెడతాను.

వేరు తేలాక రకాలు. నర్సరీ కేటలాగులో నేను గీతలు గీసుకున్నవి చాలానే ఉన్నాయి. అప్పుడు మా ఆయన ఒక ప్రశ్న అడిగారు: "ఇది ఎప్పుడు పండుతుంది?" అంతే, సగం జాబితా పోయింది.

మేం ఏటా వేసవి సెలవులకు ఇండియా వెళ్తాం. లెస్టర్‌లో బళ్ళు మిగతా ఇంగ్లండ్ కంటే కాస్త ముందే, జులై నడిమికి మూసేస్తారు. మళ్ళీ తెరిచేది ఆగస్టు ఆఖరుకి. అంటే జులై సగం నుంచి ఆగస్టు అంతా మేం ఇక్కడ ఉండం. ఈ దేశంలో పండ్లలో చాలావరకు సరిగ్గా అప్పుడే పండుతాయి. డిస్కవరీ అనే ఎర్రటి యాపిల్ ఎంత బావుంటుందో! కానీ అది ఆగస్టు పండు, చెట్టు నుంచి కోసిన వారంలోపు తినేయాలి, తర్వాత మెత్తబడిపోతుంది. విక్టోరియా ప్లమ్ ఇక్కడ ప్రతివాళ్ళూ పెట్టమనేదే, పరాగానికి ఇంకో చెట్టు అక్కర్లేదు, విరగకాస్తుంది. విరగకాయడం మాట వరసకు అన్నది కాదు, కాయల బరువుకు కొమ్మలు నిజంగానే విరుగుతాయి. అదీ ఆగస్టు ఆఖరుకే. మేం విమానం దిగి వచ్చేసరికి కందిరీగలు విందు ముగించుకుని చేతులు కడుక్కుంటూ ఉంటాయి. చెర్రీ జులైలో పండుతుంది, పైగా వల కట్టకపోతే పిట్టలు ఒక్కటీ మిగల్చవు. అది మా చిన్నది అడిగింది. కొనిపెడతానని ఒప్పించాను.

ఇక మిగిలినవి సెప్టెంబరు, అక్టోబరు పండ్లు. అవే పెడుతున్నాను.

మొదటిది బ్రామ్లీ. దీని గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఈ దేశంలో తెలుగింటికి పచ్చి మామిడికాయ లేని లోటు తీర్చేది ఇదే. పెద్ద పచ్చటి యాపిల్, ఇంగ్లీషువాళ్ళు పంచదార వేసి వండుకుంటారు తప్ప అలా కొరుక్కు తినరు, అంత పులుపు. పప్పులో వేస్తే అద్భుతం. ఉడికితే ముక్క మిగలదు, మెత్తగా పొంగి కరిగిపోతుంది, మామిడికాయ పప్పుకు ఏమాత్రం తీసిపోదు. అదే గుణం పులిహోరకు పనికిరాదు. అందుకని పచ్చిగా తురిమి, పోపు దింపాక కలపాలి. ఆవకాయ కూడా పెట్టాను. టెంక లేని ముక్క నిలవ ఉండమంటే ఎలా ఉంటుంది! ఫ్రిజ్‌లో పెట్టుకుని రెండు వారాల్లో తినేయాలి. కాయ కోసేది అక్టోబరులో, చల్లటి చోట దాస్తే చలికాలం అంతా వస్తుంది.

ఈ చెట్టు కథ నాన్నగారికి చెప్పాను. 1809 ప్రాంతంలో నాటింగమ్‌షైర్‌లోని సౌత్‌వెల్‌లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే చిన్నపిల్ల గింజలు నాటితే మొలిచిన చెట్టు అది. తర్వాత ఆ ఇల్లు మాథ్యూ బ్రామ్లీ అనే కసాయి కొనుక్కున్నాడు. 1856లో ఒక నర్సరీ కుర్రాడు అంట్లు కట్టుకుంటానని కొమ్మలు అడిగితే, నా పేరు పెడితేనే ఇస్తానన్నాడట. అందుకే అది బ్రామ్లీ. "చూశావా, నాటింది ఒకరు, పేరు ఇంకొకరిది. నేను చెప్పిందీ అదే" అన్నారు నాన్నగారు. ఆయన్ని గెలవలేం.

బ్రామ్లీతో ఒక చిక్కుంది. దాని పుప్పొడి దేనికీ పనికిరాదు. మామూలు యాపిల్‌కు తోడుగా ఇంకొక చెట్టు చాలు. బ్రామ్లీని పెడితే మాత్రం అదే సమయానికి పూసే చెట్లు ఇంకో రెండు కావాలి, అవి దీనికీ పుప్పొడి ఇవ్వాలి, ఒకదానికొకటీ ఇచ్చుకోవాలి. చుట్టూ ప్లాట్లలో యాపిల్ చెట్లు ఉన్నాయి, తేనెటీగలకు కంచెలు అడ్డం కాదు, కాబట్టి ఇంత టెన్షన్ అక్కర్లేదంటారు. అయినా మూడు యాపిల్స్ పెట్టుకోవడానికి నాకొక సాకు దొరికింది, వదులుకోను.

ఆ రెండూ ఫియెస్టా, ఎగ్రిమాంట్ రస్సెట్. ఫియెస్టా ఈస్ట్ మాలింగ్ వాళ్ళదే, పేరుమోసిన కాక్స్ రకానికి బిడ్డ. కాక్స్ రుచి ఇక్కడివాళ్ళకు ప్రాణం, కానీ తేమ నేలలో దానికి రాని తెగులు లేదు. ఆ రుచిలో చాలా భాగం తక్కువ బాధతో కావాలంటే ఫియెస్టా. సెప్టెంబరు చివర కోసి సంక్రాంతి దాకా దాచుకోవచ్చు. రస్సెట్‌ను మాత్రం చూసి ఎవరూ కొనరు. తొక్క సపోటాలా గరుకుగా, మట్టి రంగులో ఉంటుంది. కొరికితే పొడిపొడిగా, జీడిపప్పు వాసన. మా ఆయనకు నచ్చలేదు, నాకు చాలా నచ్చింది. తోట పని ఎవరు చేస్తున్నారో వాళ్ళ మాటే చెల్లుతుంది.

బ్రామ్లీ సహజంగా ఏపుగా పెరిగే రకం కాబట్టి దాన్ని ఎం9 మీద, మిగతా రెంటినీ ఎం26 మీద అడిగాను. ఎం9 వేళ్ళు పెళుసు, బతికున్నంత కాలం పక్కన గుంజ ఉండాల్సిందే. నాలుగోది ప్లమ్: మార్జొరీస్ సీడ్లింగ్, పొట్టి వేరు మీద. విక్టోరియా లాగే ఒంటరిగా కాస్తుంది, పండేది మాత్రం సెప్టెంబరు చివర. ప్లమ్ కొమ్మలు చలికాలంలో కత్తిరించకూడదు, గాయంలోంచి సిల్వర్ లీఫ్ అనే బూజు తెగులు పడుతుంది. వేసవిలోనే కత్తిరించాలి, అంటే జూన్‌లో, ప్రయాణం హడావుడి మొదలవక ముందు.

పియర్ కూడా అనుకున్నాను. కాన్ఫరెన్స్ అనే రకం సెప్టెంబరులోనే వస్తుంది, పచ్చిగా ఉండగానే కోసి ఇంట్లో మాగేయాలి, ఆ పని మనకు కొట్టినపిండి. కానీ పక్క ప్లాటు కాకా దగ్గర ఆ చెట్టే ఉంది. ఆయన గుజరాతీ. 1972లో ఉగాండా నుంచి ఇదీ అమీన్ తరిమేస్తే లెస్టర్ వచ్చిన కుటుంబాల్లో వాళ్ళదీ ఒకటి. మేం హిందీలో మాట్లాడుకుంటాం. "పియర్ పెట్టకు బేటీ, నా చెట్టువి తీసుకెళ్ళేవాళ్ళు లేక గేటు దగ్గర బస్తాలో పెడుతున్నాను" అన్నారు. కొత్తగా ప్లాటు తీసుకున్న వాళ్ళు ఏం పెట్టాలో అనుకునే ముందు సెప్టెంబరులో గేటు దగ్గర ఏం ఊరికే ఇస్తున్నారో చూడండి. మా దగ్గర పియర్లు, సొరకాయంత జుకినీలు.

స్ట్రాబెర్రీల విషయానికి ప్రయాణం అంత అడ్డురాదు. ఇక్కడ అది జూన్ పండు. మా చెల్లి లంబసింగి వెళ్ళి స్ట్రాబెర్రీ తోటలో ఫొటోలు పంపేది సంక్రాంతి సెలవుల్లో. మనకది చలికాలపు పంట, ఇక్కడ ఆ నెలల్లో మొక్క మంచు కింద నిద్రపోతుంటుంది. రకాల్లో రెండు తెగలున్నాయి. ఒకటి జూన్, జులైలలో ఒక్కసారిగా కాసి ఊరుకునేది. రెండోది వేసవంతా విడతలు విడతలుగా కాసేది. రెండోది వినడానికి బావుంటుంది, కానీ ఆ కాపులో సగం ఆగస్టుకు పోతుంది. అందుకని మొదటి తెగలోనే పన్నెండేసి మొక్కలు: తొందరగా వచ్చేది మాలింగ్ సెంటినరీ, దాని వెనకాలే కేంబ్రిడ్జ్ ఫేవరిట్. మొదటిది ఈస్ట్ మాలింగ్ నూరేళ్ళ పండక్కి పేరు పెట్టిన రకం. రెండోది పాతకాలపుది, రుచి ఒక మోస్తరు, మొండి ఘటం. సూపర్‌మార్కెట్లలో ఏళ్ళ తరబడి ఏలిన ఎల్సాంటా జోలికి పోలేదు. నేల తెగుళ్ళకు అది తట్టుకోదు.

నేల తెగులు అన్నాను కాబట్టి చెబుతున్నా. బంగాళదుంప, టమాటా వేసిన చోట స్ట్రాబెర్రీ పెట్టకూడదు. వెర్టిసిలియం అనే ఎండు తెగులు ఆ మడిలో ఏళ్ళపాటు దాగి ఉంటుంది. పాత ఆసామి ఎక్కడ ఏం వేశాడో మనకు కాగితం ఇవ్వరు, నేలే చెబుతుంది. సగం ప్లాటులో తవ్విన చోటల్లా చిన్న చిన్న దుంపలు బయటపడ్డాయి, ఆ భాగం వదిలేశాను. చివర చిక్కుడు పందిరి కర్రలు ఇంకా నిలబడి ఉన్నాయి, అక్కడే స్ట్రాబెర్రీ. చెట్లు ఉత్తరపు కొసకు. ఇక్కడ సూర్యుడు ఎప్పుడూ దక్షిణానికి వాలే ఉంటాడు, నీడ ఉత్తరానే పడుతుంది, అటువైపు దారి తప్ప ఎవరి మడీ లేదు.

స్ట్రాబెర్రీ మొక్కలు మార్చిలో నాటుతాను. వసంతంలో నాటిన వాటికి మొదటి ఏడాది పూలు గిల్లేస్తే వేరు బలపడుతుందంటారు. ఈ సంగతి మా చిన్నదానికి ఇంకా చెప్పలేదు. బహుశా సగం మొక్కలకే గిల్లుతాను. మే నెలలో కూడా ఇక్కడ రాత్రి మంచు పడుతుంది, పువ్వు మధ్య నల్లబడితే ఇక అది కాయ కాదు, ఆ రాత్రుళ్ళు పలచటి గుడ్డ కప్పాలి. పండ్లు అయిపోగానే, అంటే విమానం ఎక్కే ముందు, ముదురు ఆకులన్నీ కోసేసి గడ్డి తీసేయాలి. కష్టమంతా ఆ తర్వాతే. వచ్చే ఏటి పూమొగ్గ ఆగస్టు చివరి నుంచి, పొద్దు తగ్గేకొద్దీ లోపల తయారవుతుంది. అప్పటికి మొక్క ఎండి ఉంటే మరుసటి జూన్‌లో తెలుస్తుంది. అందుకని కాకాతో ఒప్పందం చేసుకున్నాం: ఆగస్టులో మా మొక్కలకు ఆయన నీళ్ళు, ఆయన డిసెంబరులో సూరత్ వెళ్ళినప్పుడు ఆయన గ్రీన్‌హౌస్ మేం చూసుకోవడం, ఇంకా మేం ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఆయనకు ఒక కిలో ఎండు మిర్చి.

చెట్లు డిసెంబరులో కుండీ లేకుండా ఒట్టి వేళ్ళతో వస్తాయి. కుండీ మొక్కల కంటే చౌక, నవంబరు నుంచి మార్చి దాకా నిద్రలో ఉన్నప్పుడే నాటాలి. ఆ లోపల నేను మట్టిని దిబ్బలుగా ఎత్తాలి, గుంటలో నాటితే ఈ బంకలో వేళ్ళు నీళ్ళలోనే ఉంటాయి. అంటు కట్టిన ముడి మాత్రం నేలకు పైనే ఉండాలి, పూడిస్తే పై కొమ్మే వేళ్ళు వేసి పొట్టి చెట్టు కాస్తా పొడుగు చెట్టవుతుంది. ఇది నాన్నగారు నేను చెప్పకముందే చెప్పారు.

ఇంకా ఒక మూల ఖాళీగా ఉంది, గూస్‌బెర్రీ పొద ఒకటి పడుతుంది (మన ఉసిరి కాదు, పుల్లటి కాయలు కాసే ముళ్ళ పొద). పచ్చి కాయలు జూన్‌లోనే వస్తాయి, పప్పులోకీ పచ్చడిలోకీ బాగుంటాయని విన్నాను. ముళ్ళు తక్కువ ఉండే రకం మీలో ఎవరైనా పెంచి, వండి చూసి ఉంటే పేరు చెప్పండి, నర్సరీకి మొత్తం ఆర్డరు ఈ శుక్రవారం పంపాలి.