వానొస్తే పోయే కెమెరా

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద కెమెరాలు పెట్టడం నా పని. తొమ్మిదేళ్లుగా ఇదే చేస్తున్నాను. "కెమెరా చెడిపోయింది" అని ఫోన్ వచ్చి నేను వెళ్లి చూస్తే, ఎక్కువసార్లు కెమెరా శుభ్రంగానే ఉంటుంది. చెడేది దాని వెనక జానెడు దూరంలో, కెమెరా వైరూ మన కేబులూ కలిసే జాయింటు.

2023 ఆగస్టులో ఒక రాత్రి రెండింటికి ఒక రైతు ఫోన్ చేశారు. అప్పటికి రెండు రోజులుగా ముసురు. ఆయన ఇల్లు టౌన్లో, చెరువు పన్నెండు కిలోమీటర్ల అవతల. మబ్బు పట్టి ఎండ లేని రోజుల్లో చెరువులో ఆక్సిజన్ తగ్గుతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయంటే తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది. అందుకే అలాంటి రాత్రుల్లో ఆయన గంటకోసారి లేచి, ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో ఫోన్లో చూసుకుంటారు. ఆ రాత్రి బొమ్మ పోయింది. నాకు ఫోన్ చేసేసరికే ఆయన వర్షంలో బండి వేసుకుని గట్టు మీదికి చేరుకున్నారు. ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి, చెరువుకేమీ కాలేదు.

"ఎండ కాసినప్పుడు నేనే వచ్చి చూసుకుంటానయ్యా. వానప్పుడే కదా నాకు నీ కెమెరా కావాల్సింది" అన్నారు.

అరవై దాటిన మనిషి. "పొద్దున్నే వస్తానండి" అన్నాను గానీ ఆ రాత్రి మళ్లీ నిద్ర పట్టలేదు. ఆ జాయింటు వేసింది నేనే.

పొద్దున ఎండ వచ్చింది. నేను వెళ్లేసరికి బొమ్మ కూడా వచ్చేసింది. ఈ పనిలో మనల్ని మోసం చేసేది ఇదే. తడి ఆరగానే అంతా సర్దుకున్నట్టే ఉంటుంది, నిచ్చెన ఎక్కకుండానే వెనక్కి వచ్చేయాలనిపిస్తుంది. ఎక్కి, జాయింటు ఉంచే బాక్స్ తెరిచాను. అడుగున రెండు వేళ్ల లోతు నీళ్లు. ల్యాన్ కేబుల్ పిన్నుకి నేను చుట్టిన నల్ల ఇన్సులేషన్ టేపు మే నెల ఎండలకి జిగురు కరిగి, జారి, లోపల నీళ్లు పట్టుకున్న సంచిలా తయారైంది. పిన్ను నిండా పచ్చటి చిలుము. అది పీఓఈ కెమెరా, అంటే అదే కేబుల్లో 48 వోల్టుల కరెంటు కూడా వెళ్తుంది. ఆ కరెంటు పంపే మా నెట్‌వర్క్ స్విచ్, పిన్నులో ఉండే ఎనిమిది లోహపు రేకుల్లో నాలుగు, ఐదింటికి ప్లస్ పంపే రకం. సరిగ్గా ఆ రెండే సగం కరిగిపోయాయి. తడిలో కరెంటు పారితే ప్లస్ వైపున్న లోహం కరుగుతుందని చదివాను గానీ, అంత స్పష్టంగా కళ్లతో చూడటం అదే మొదలు. చెరువు గాలిలో ఉప్పు ఉంటుంది కాబట్టి మా దగ్గర అది ఇంకా త్వరగా జరుగుతుంది.

కెమెరా డబ్బా మీద ఐపీ67 అని ఉంది. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి నీరు పోదని దాని అర్థం. ఆ హామీ కెమెరా ఒంటికి. వెనక వేలాడే పొట్టి వైరు చివరి సాకెట్టుకి రక్షణ మనం కల్పించాల్సిందే. దానికోసం డబ్బాలోనే చిన్న కవరులో ఒక ప్లాస్టిక్ గొట్టం, రబ్బరు, బిగించే నట్టు ఇస్తారు. వాటిని పిన్ను క్రింప్ చేయకముందే, అంటే తీగలకి నొక్కి బిగించకముందే, కేబుల్‌కి ఎక్కించాలి. తర్వాత గుర్తొస్తే పిన్ను కోసేసి మళ్లీ మొదలుపెట్టాలి, ఆ బద్ధకంతోనే చాలామంది ఆ కవరు పారేస్తారు. గట్ల మీద విప్పని కవర్లు ఎన్నో చూశాను. రబ్బరు గుండ్రటి కేబుల్‌ని మాత్రమే గట్టిగా పట్టుకుంటుంది, చదును కేబుల్ వాడితే పక్కల సందు ఉండిపోతుంది.

అసలు నీళ్లు ఎలా వచ్చాయి? షెడ్డు నుంచి కేబుల్ గాలిలో స్తంభానికి వచ్చి, అక్కడి నుంచి వాలుగా దిగి బాక్స్ పైకన్నంలోంచి లోపలికి వెళ్లింది. చూరు నీళ్లు తీగ పట్టుకుని జారినట్టు, వాన మొత్తం ఆ కేబుల్ పట్టుకుని బాక్స్‌లోకి దిగింది. ఇప్పుడు నేను బాక్స్‌కి పైనా పక్కలా కన్నం పెట్టను. కేబుల్‌ని బాక్స్ కంటే జానెడు కిందికి దించి, వంపు తిప్పి, అడుగు నుంచి గ్లాండ్‌తో, అంటే కేబుల్ చుట్టూ బిగుసుకునే మరతో, పైకి తెస్తాను. జారి వచ్చిన నీళ్లు ఆ వంపు దగ్గరే బొట్లుగా రాలిపోతాయి. దీనికి పైసా ఖర్చు లేదు, మూరెడు కేబుల్ ఎక్కువ పడుతుంది అంతే.

బాక్స్ అడుగున ఒక చిన్న కన్నం కూడా వేస్తాను. "వేస్తే నీళ్లు రావా?" అని అందరూ అడుగుతారు. పగలు ఎండకి బాక్స్ వేడెక్కుతుంది, రాత్రి చల్లబడినప్పుడు చుట్టూ ఉన్న తేమగాలిని లోపలికి లాగుతుంది. ఆ తేమ గోడలకి నీరుగా పడుతుంది. ఎంత గట్టిగా మూసినా ఇది ఆగదు, కాబట్టి నీటికి బయటికి దారి ఉండాలి. చీమలు గూడు కట్టకుండా కన్నానికి సన్నటి జాలీ ముక్క అంటిస్తాను.

జాయింటుకి ఇప్పుడు వాడేది తనలో తనే అతుక్కుపోయే రబ్బరు టేపు. పొడవు రెట్టింపు అయ్యేంత లాగుతూ, ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం పడేలా, కింది నుంచి పైకి చుట్టాలి. పెంకుటిల్లు నేసేవాళ్లు చూరు దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్లడం చూసే ఉంటారు, ఇదీ అంతే. దాని మీద ఎండ తగలకుండా మామూలు ఇన్సులేషన్ టేపు ఒక వరస వేస్తాను. ఆఖరి చుట్టు లాగకుండా వదులుగా అంటిస్తాను, లాగితే కొన లేచిపోతుంది.

సిలికాన్ పూసేవాళ్లకి ఒక మాట. పూస్తుంటే వెనిగర్ వాసన వస్తే అది రాగిని తినే రకం, జాయింటు మీద పూయకండి. ట్యూబ్ మీద న్యూట్రల్ అని ఉన్నదే కొనండి. రాయిలా గట్టిపడే ఎపాక్సీ జిగురు ముద్ద పెట్టి మూసేయడం నాకు అస్సలు నచ్చదు. తర్వాత వచ్చేవాడు విప్పలేడు, కోయాల్సిందే.

బొమ్మకి ఒక వైరు, కరెంటు వగైరాకి మూడు తీగలు ఉండే పాత త్రీ ప్లస్ వన్ కేబుల్ కెమెరాల్లో బాధ ఇంకోలా కనిపిస్తుంది. పగలు బొమ్మ బాగుంటుంది, చీకటి పడగానే ఆగి ఆగి వస్తుంది. రాత్రి చీకట్లో చూడటానికి లోపలి ఐఆర్ లైట్లు వెలిగి కరెంటు ఎక్కువ లాగుతాయి, చిలుము పట్టిన డీసీ పిన్ను, అంటే కరెంటు పిన్ను దగ్గర వోల్టేజీ పడిపోయి కెమెరా ఆగిపోతుంది. పవర్ సప్లై మార్చేముందు ఆ పిన్ను విప్పి చూడండి. బొమ్మ వచ్చే బీఎన్‌సీ పిన్ను వైపు నీళ్లు చేరితే వైరు లోపలి రాగి జడ దాన్ని ఒత్తిలా పీల్చుకుంటుంది. కొత్త పిన్ను వేసేముందు రాగి మెరుస్తూ కనిపించేదాకా వెనక్కి కోయాలి. ఒకచోట నేను మూరెడు కోశాను.

ఆ రైతు చెరువు మీద నాలుగు బాక్సులూ విప్పి కొత్తగా కట్టాను. ఒక్కో దాంట్లో తేదీ రాసిన కాగితం ముక్క మడిచి పెట్టాను. మూత పెట్టాక చెంబుతో ఐదు నిమిషాలు నీళ్లు పోసి, మళ్లీ విప్పి, కాగితం పొడిగా ఉంటేనే నిచ్చెన దిగాను. ఆ డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా దగ్గర రోజంతా గాలీ వానా. రెండు రోజుల తర్వాత వెళ్లి నాలుగూ తెరిచాను. మూడు కాగితాలు పెళపెళలాడాయి. నాలుగోది ఒక అంచున చెమ్మగిల్లింది. గ్లాండ్ నట్టు ఒక చుట్టు వదులైంది.

బిగించి కొత్త కాగితం పెడుతుంటే ఆయన కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డారు. "ఇంకో చెరువు మీద ఉన్న రెండూ ఎవరో వేసినవి, అవీ ఓసారి చూస్తావా?" అన్నారు. ఆ సాయంత్రమే వెళ్లాం. రెండింటికీ కేబుల్ పైనుంచే దిగింది.