లోయర్ పరేల్‌లో మామతో ఒక పూట

సిరిసిల్లలో మా వాడకట్టు నుంచి బొంబాయి బట్టల మిల్లులకు పోయినవాళ్లు చాలామందే. మా మేనమామ కూడా అలాగే పోయి ఒక మిల్లులో సాంచా ఖాతాలో, అంటే మగ్గాల విభాగంలో చేరాడు. మొన్న దసరా సెలవుల్లో వెళ్లినప్పుడు, ఒకప్పుడు ఆ మిల్లులుండిన లోయర్ పరేల్ చూపించమని అడిగాను.

సేనాపతి బాపట్ మార్గ్ పొడవునా అద్దాల ఆఫీసులే. ఫీనిక్స్ మిల్లు ఇప్పుడు పెద్ద మాల్. పాత పొగగొట్టాన్ని మాత్రం ఉంచారు, దాని దగ్గర పిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు. మామ చూపంతా రోడ్డు మీదే. "షిఫ్టు ఇడిస్తే ఈడ కాలు పెట్టే సందు ఉండకపోయేది అల్లుడా" అన్నాడు.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపేశారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించనే లేదు. అత్త పుస్తెలతాడు కుదువకు పోయింది. కొందరు సిరిసిల్లకు తిరిగొచ్చారు, మామ బొంబాయి దగ్గరి భివండీలో పవర్‌లూమ్‌లకు మారాడు.

మిల్లు భూమిలో ఒక వంతు మైదానాలకు, ఒక వంతు మామూలు జనం ఇళ్లకు, ఒక వంతు యజమానికి అని 1991లో నిబంధన పెట్టారు. 2001లో దాన్ని సవరించి, ఖాళీగా ఉన్న జాగాను మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. జనం వాటా చిక్కిపోయింది. 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ సవరణనే నిలబెట్టింది. ఇది అన్యాయం. ఆ మాల్ ముందు నిలబడితే నాకు కడుపు మండింది.

సాయంత్రం వర్లీలో మామ ఇంటికి వెళ్లాం. 1920లలో కట్టిన బీడీడీ చాళ్‌లో, అంటే ఉమ్మడి మరుగుదొడ్లున్న వరుస గదుల కట్టడంలో, 160 చదరపు అడుగుల గదిలో ఆయన బతుకంతా గడిచింది. 2025 ఆగస్టులో కొత్త టవర్లలో 556 కుటుంబాలకు తాళాలిచ్చారు, ఒక్కొక్కరికి 500 చదరపు అడుగుల ఇల్లు. మామకూ వచ్చింది. పాత చాళ్ గుర్తొస్తుందా అని అడిగితే అత్తే జవాబిచ్చింది: "పొద్దుగాల దొడ్డి ముందర లైన్ల నిలవడ్డోళ్లకు తెలుస్తది బిడ్డా."

మామతో పనిచేసిన మరాఠీ ఆయన చాయ్‌కి వచ్చాడు. ఆయన అద్దె గదిలోనే ఉన్నాడు, ప్రభుత్వం మిల్లు కార్మికులకు ఇచ్చే ఇంటి కోసం ఎప్పుడో దరఖాస్తు పెట్టాడు. ఇప్పుడు ముంబయి బయట వాంగణీ, శేలూ వైపు ఇస్తామంటున్నారట. అంత దూరం నుంచి కొడుకు రోజూ డ్యూటీకి ఎలా వస్తాడని ఆయన బాధ. జులైలో ఈ ఇళ్ల కోసం ఆజాద్ మైదాన్‌లో జరిగిన ధర్నాకు వెళ్లొచ్చాడు. మళ్లీ పిలిస్తే తనూ వస్తానని మామ మాటిచ్చాడు.